గోడల వెనుకటి విద్యాలయము

విశ్వవిద్యాలయమనగానే మన కన్నుల ముందు నిలుచునవి ఎత్తయిన స్తంభములు, విశాలమైన ఉపన్యాసశాలలు, గ్రంథాలయము, చెట్ల నీడను సాగు బాటలు. ఇది కంటికి కనబడు విద్యాలయము. దీని గోడల వెనుకను, నేల లోపలను మఱియొక విద్యాలయము కలదు. అది గొట్టములతోను, తీగెలతోను, కాలువలతోను, తొట్లతోను కూడినది. అది చక్కగా నడచినంతకాలము దానిని తలచువారుండరు. ఒక్క దినము నిలిచిపోయినచో తరగతులు, ప్రయోగశాలలు, వసతిగృహములు అన్నియు నిలిచిపోవును. ఆ రెండవ విద్యాలయమును గూర్చి మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొంత తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇందులకు దూరదేశములకు పోనక్కఱలేదు. మన చెన్నపట్టణముననే, గిండీ వనభూమినుండి వేఱుపఱచిన సుమారు 250 హెక్టారుల ప్రదేశమున ఐ.ఐ.టి. మద్రాసు వెలసియున్నది. పశ్చిమ జర్మనీ సహకారముతో 1959వ సంవత్సరమున స్థాపింపబడిన ఈ సంస్థలో వసతిగృహములకు నదుల పేర్లు పెట్టిరి. గోదావరి, కృష్ణ, తుంగభద్ర అను పేర్లు అచ్చట చదివినపుడు మనవంటి వారికి పుట్టినింటివారు ఎదురుపడినట్లుండును. జింకలు తిరుగాడు ఆ వనమునందు వేలకొలది విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు నివసించుచున్నారు. అనగా అది యొక చిన్న పట్టణము. పట్టణమునకు పురపాలక సంఘమెట్టిదో, ఇట్టి ప్రాంగణమునకు ఇంజనీరింగు శాఖ యట్టిది.

మొదట నీటి సంగతి చూతము. మన దేశపు భవననిర్మాణ ప్రమాణముల ప్రకారము నగరవాసికి దినమునకు 135 లీటర్ల నీరు కావలెనని లెక్క. అందు 45 లీటర్లు, అనగా మూడవవంతు, మరుగుదొడ్డిలో పోయుటకే సరిపోవును. 300 మంది యుండు వసతిగృహమునకు దినమునకు 40,500 లీటర్లు కావలెను. అందు 13,500 లీటర్లు మరుగుదొడ్ల పాలు. ఈ నీరు మొదట నేలలోని సంపులో చేరి, పంపుచేత మేడమీది తొట్టికెక్కి, అచ్చటినుండి తన బరువుచేతనే కొళాయిలకు దిగును. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము ఒత్తిడి కలిగించును. అందుచేతనే పై అంతస్తున కొళాయి సన్నగా కారుచుండగా, క్రింది అంతస్తున అదే నీరు చిమ్ముచుండును. ఎత్తయిన భవనమును తలపెట్టువారు ఈ తారతమ్యమును ముందే లెక్కింపవలెను.

ఆ నీరు ఎచ్చటినుండి వచ్చునన్నది ఇంకను పెద్ద ప్రశ్న. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు కృష్ణానదిలో తమ వాటాలనుండి ఒక్కొక్కటి 5 టి.ఎం.సి.ల చొప్పున ఈ నగరమునకు ఇచ్చుటకు సమ్మతించినవి. 1983లో ప్రారంభమైన తెలుగుగంగ పథకము ద్వారా ఆ జలములు 1996లో పూండి జలాశయమును చేరినవి. అయినను 2019వ సంవత్సరపు వేసవిలో వానలు లేక, కృష్ణాజలములు చాలినంత రాక, నగరమునకు నీరిచ్చు నాలుగు జలాశయములును దాదాపు ఎండిపోయినవి. జూలై నెలలో జోలార్‌పేటనుండి రైలుబండిలో, ఒక్కొక్క విడతకు సుమారు 25 లక్షల లీటర్ల చొప్పున, నీరు తెప్పింపవలసి వచ్చినది. నీళ్ల లారీకై బిందెలు వరుసపెట్టిన ఆ దినములను మన ఇండ్లలో ఎవరును మఱవలేదు.

అట్టి కఱవులో నిలద్రొక్కుకొనగల ప్రాంగణమేది? ఒకమాఱు వాడిన నీటిని మఱల వాడుకొనగలది. మురుగునీటిలోని చెత్తను మొదట జల్లెడపట్టి, మడ్డిని అడుగునకు పేరనిచ్చి, పిదప గాలిని ఊదినచో, సూక్ష్మజీవులు అందలి మలినమును తినివేయును. మఱల తేర్చి, వడపోసి, క్లోరిను కలిపిన ఆ నీరు త్రాగుటకు కాకపోయినను మరుగుదొడ్లకును, చెట్లకును పనికివచ్చును. ఐ.ఐ.టి. మద్రాసులో ఈ పద్ధతి ఆచరణలో నున్నది. కాని దీనికి ఒక నియమము కలదు. మంచినీటికి ఒక వరుస, శుద్ధిచేసిన నీటికి వేఱొక వరుసగా భవనమునందు రెండు వరుసల గొట్టములు ఉండవలెను. ప్లాను గీయునాడు అది కాగితముమీద మఱియొక గీత మాత్రమే. భవనము ముగిసిన పిదప అయినచో గోడలు పగులగొట్టవలసి వచ్చును.

ఇక వాననీరు. చెన్నపట్టణమున ఏటికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురియును; అందు ఎక్కువ భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు పడును. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. కావున 500 చదరపు మీటర్ల మేడమీద ఏడాదిలో పడు నీరు 7 లక్షల లీటర్లు. కొంత ఆవిరియై పోయినను మిగిలినది అల్పము కాదు. దానిని భూమిలోనికి ఇంకించుట 2003లో ఈ రాష్ట్రమంతట నిర్బంధము చేయబడినది. ఆ వాననీరే దారి లేనపుడు శత్రువగును. 2015 డిసెంబరు వరదలు మనకు నేర్పిన పాఠమిది. నీరు పల్లమునకు పోవును. ఆ పల్లమున భవనము కట్టి, పిదప నీటిని నిందించుట న్యాయము కాదు. వాననీటి కాలువయు మురుగు కాలువయు కలియరాదు. మురుగు గొట్టమునకు తగిన వాలు లేనిచో మడ్డి పేరుకొని పూడిపోవును. అందుచేత తెలిసిన ఇంజనీరు క్రొత్త భవనమునకు చోటు చూచునపుడు మొదట నేల వాలును చూచును.

విద్యుత్తు విషయమును ఇట్టిదే. పెద్ద ప్రాంగణమునకు విద్యుత్తు 11,000 వోల్టులు గాని, అంతకెక్కువ గాని ఒత్తిడితో వచ్చును. అదే శక్తిని రెట్టింపు వోల్టులతో పంపినచో తీగెలో ప్రవాహము సగమగును. వేడిగా పోవు నష్టము నాలుగవవంతగును. భవనముల చేరువను ట్రాన్స్‌ఫార్మరులు దానిని మన దీపములకు తగిన 230 వోల్టులకు దించును. ఒక క్రొత్త ప్రయోగశాలలో శీతల యంత్రములు పెట్టదలచినచో, ఆ ట్రాన్స్‌ఫార్మరు, ఆ తీగె ఈ బరువును మోయగలవా యని ముందు అడుగవలెను. ఇచ్చట వాస్తుశిల్పి కూడ మేలు చేయగలడు. ఎండ తగులు వైపున వరండాయు, గాలి దూరి పోవుటకు ఎదురెదురు కిటికీలును పెట్టినచో యంత్రముల పని కొంత తగ్గును.

భవనము అందముగా నున్నంతమాత్రమున చాలదనుటకు అహమ్మదాబాదులోని ఐ.ఐ.ఎం. నిదర్శనము. 1962లో అమెరికా వాస్తుశిల్పి లూయీ కాన్, బాలకృష్ణ దోషీ సహకారముతో, ఈ ప్రాంగణ నిర్మాణమునకు పూనుకొనెను. అచ్చటి ఎఱ్ఱని ఇటుక కమానులు లోకప్రసిద్ధములు. కాని చెమ్మ ఇటుకలలోనికి దిగి, లోపలి ఇనుప కమ్మీలు త్రుప్పుపట్టి ఉబ్బగా గోడలు బీటలు వాఱినవి. 2001 నాటి భూకంపము మఱింత దెబ్బతీసినది. 2020 డిసెంబరులో వసతిగృహములలో పెక్కింటిని పడగొట్టవలెనని సంస్థ తలపెట్టగా దేశవిదేశముల వాస్తుశిల్పులు ఆక్షేపించిరి. 2021 జనవరిలో ఆ నిర్ణయమును విరమించిరి. 2022లో మఱల కొన్ని కట్టడములను తిరిగి కట్టవలెనని ప్రకటించిరి. ఇంతటి తర్జనభర్జనలకు మూలము గోడలోనికి దిగిన చెమ్మ.

ఇదంతయు పెద్ద సంస్థల సంగతి, మనకేమియని చదువరులు అనుకొనరాదు. కొన్ని ఏండ్ల క్రిందట మన పాఠశాలకు మీది అంతస్తు వేసిన పిమ్మట కొళాయినీరు వాసన వేయసాగెను. కొందఱు పిల్లలకు కడుపునొప్పియు విరేచనములును పట్టుకొన్నవి. గొట్టము ఏ వైపున పోవుచున్నదో చెప్పగలవారు లేకపోయిరి. వేసిన మేస్త్రి గతించెను. పటము ఆయన తలలోనే యుండెను, ఆయనతోనే పోయెను. మూడు దినములు పెరడంతయు త్రవ్వగా, మంచినీటి గొట్టము మురుగు కాలువ అడుగుననే పోవుచు, అతుకు వద్ద త్రుప్పుపట్టి కానవచ్చెను. ఆ మూడు దినములును పిల్లలు ఇండ్లనుండి సీసాలతో నీరు తెచ్చుకొనిరి. ఇందు మేస్త్రి తప్పు కొంత; పటము అడిగి పుచ్చుకొనని మా సంఘమువారి తప్పే యెక్కువ. ఈ మాట చెప్పుకొనుటకు మేము సిగ్గుపడుచున్నాము. అయినను చెప్పక తప్పదు.

విశ్వవిద్యాలయముల ఇంజనీరింగు శాఖలు మనకు నేర్పవలసిన మొదటి పాఠము ఇదియే. కట్టుటకు ముందు గీసిన పటము వేఱు, కట్టిన పిదప ఉన్నదున్నట్లు గీసిన పటము వేఱు. రెండవదియే విలువైనది. ప్రతి గొట్టము, ప్రతి తీగె, ప్రతి మ్యాన్‌హోలు అందుండవలెను. మార్పు జరిగిన దినముననే తేదీతో అందు వ్రాయవలెను. మనుష్యులు మాఱుదురు, కాగితము నిలుచును.

మన సంఘము మఱియొక గదుల వరుసను కట్టదలచుచున్నది. చందా లిచ్చు పెద్దలను మేము కోరునది యొక్కటే. ముఖద్వారపు అందమును గూర్చి అడుగుటకు ముందు, నీరు ఎచ్చటినుండి వచ్చును, ఎచ్చటికి పోవును, వాన ఎటు పాఱును, తీగె ఎంత బరువు మోయును అని అడుగుడు. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల విద్యార్థులు ఈ సెలవులలో ప్లంబరును వెంటబెట్టుకొని, టేపుతో కొలిచి, మన పాఠశాల పటమును గీయుదురు గాక. దానిని అద్దము కట్టించి ప్రధానోపాధ్యాయుల గదిలో వ్రేలాడదీయుదము. మన తరువాత వచ్చువారు పెరడు త్రవ్వకయే గొట్టమును కనుగొందురు.