సాతానుకు కొమ్ములు పెట్టిందెవరు?

పలకలకు పేరుపడిన ఊరు మార్కాపురం. ఆ పలక ఒకటి సండే స్కూలు పిల్లాడి చేతికిచ్చి సాతాను బొమ్మ వేయమంటే ఏం వేస్తాడు? రెండు కొమ్ములు, వెనక తోక, మేక కాళ్లు, చేతిలో మూడు మొనల శూలం. గిద్దలూరులో వేయించినా, కంభంలో వేయించినా, అమెరికాలో వేయించినా దాదాపు అదే బొమ్మ. ఇంతమంది ఒకేలా వేస్తున్నారంటే అది బైబిల్లో ఉండే ఉంటుందని మనం అనుకుంటాం. కాని ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా ఎంత వెతికినా మేక కాళ్లతో, శూలంతో ఉన్న సాతాను మనకు కనిపించడు.

ఏదెను తోటలో కనిపించేది సర్పం. యోబు గ్రంథంలో సాతాను దేవదూతల మధ్య నిలబడి నీతిమంతుడి మీద నేరం మోపుతాడు. హెబ్రీ భాషలో సాతాను అంటే విరోధి, నేరం మోపేవాడు. మన తెలుగు బైబిల్ అనువాదకులు ‘అపవాది’ అనే చక్కని మాట వాడారు. అపవాదులు వేసేవాడే అపవాది. పేతురు అతణ్ణి గర్జించే సింహంతో పోల్చాడు (1 పేతురు 5:8). ‘మరి ప్రకటన 12వ అధ్యాయంలో కొమ్ములూ తోకా ఉన్నాయి కదా’ అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అక్కడ ఏడు తలలు, పది కొమ్ములు గల ఎర్రని మహాఘటసర్పం ఉంది. అయితే అది యోహాను చూసిన దర్శనంలోని సూచన. మనం గీసే మేక కాళ్ల మనిషికీ దానికీ పోలిక లేదు. మరి ఈ మనిషి ఎక్కడివాడు?

గ్రీకు దేశానికి వెళ్తే జవాబు దొరుకుతుంది. అక్కడి గొర్రెల కాపరులు ‘పాన్’ అనే దేవతను కొలిచేవారు. పైన మనిషి, కింద మేక, తలమీద కొమ్ములు, గడ్డం, గిట్టలు. మన బొమ్మలోని సాతానుకు అతడు అన్నలా ఉంటాడు. తిబెరి కైసరు కాలంలో ‘మహా పాన్ చనిపోయాడు’ అనే కేక సముద్రం మీద వినిపించిందని గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక కథ రాశాడు. 4వ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ ఆ కథను పట్టుకుని, క్రీస్తు దయ్యాలను వెళ్లగొట్టిన కాలం అదే కదా అన్నాడు. పొరుగువాడి దేవత మన పుస్తకాల్లో దయ్యంగా మారే దారి అలా ఏర్పడింది. ఇశ్రాయేలీయులకూ మేక రూపపు దేవతల సంగతి తెలుసు. లేవీయకాండం 17:7లో తెలుగులో ‘దయ్యములు’ అని ఉన్నచోట హెబ్రీలో ఉన్నది మేకపోతు అనే అర్థం గల మాట. ఇక చేతిలోని శూలం గ్రీకుల సముద్ర దేవత పొసైడాన్ ఆయుధాన్ని తలపిస్తుంది.

పేర్ల కథ కూడా ఇలాంటిదే. బయెల్జెబూలు దయ్యాల అధిపతి అని పరిసయ్యులు అన్నారు (మత్తయి 12:24). అంతకు ఎన్నో శతాబ్దాల ముందు బయల్జెబూబు ఎక్రోను పట్టణంలో ఫిలిష్తీయులు కొలిచిన దేవత (2 రాజులు 1:2). ‘లూసిఫర్’ అయితే అసలు దయ్యం పేరే కాదు. యెషయా 14వ అధ్యాయంలో ప్రవక్త బబులోను రాజును ఎత్తిపొడుస్తూ, అతణ్ణి ఆకాశం నుంచి రాలిన వేకువచుక్కతో పోల్చాడు. లాటిన్ బైబిల్లో ఆ చుక్కకు వాడిన మాట లూసిఫర్, అంటే వెలుగు తెచ్చేది. ఆ లేఖనాన్ని సాతాను పతనంగా చదివిన సంఘ పితరుల వల్ల అది క్రమంగా అతని పేరైపోయింది. ఇదే మాటను ఇదే లాటిన్ బైబిల్ విశ్వాసుల హృదయాల్లో ఉదయించే వేకువచుక్కకూ వాడింది (2 పేతురు 1:19). 4వ శతాబ్దంలో సార్డీనియా ద్వీపంలోని కాలియారికి లూసిఫర్ అనే బిషప్ కూడా ఉండేవాడు!

ఇంకా ఆశ్చర్యపోవాలంటే మన తెలుగునే చూడండి. ‘దయ్యం’ అనే మాట ‘దైవం’ నుంచే పుట్టింది. పాత తెలుగులో దయ్యమంటే దేవుడనే అర్థం కూడా ఉంది. 1852లో వెలువడిన బ్రౌన్ దొర నిఘంటువు ఆ రెండు అర్థాలనూ ఇస్తుంది. గ్రీకులో ‘డైమోన్’ అంటే ఒకప్పుడు దైవశక్తి, తర్వాత దయ్యం. మనకు ‘దేవ’ శబ్దం పూజ్యమైతే ప్రాచీన పారసీకులకు ‘దయేవ’ అంటే దుష్టశక్తి. దేవుడికీ దయ్యానికీ మధ్య గీత గీసేటప్పుడు మనుషులు ఎక్కువసార్లు చూసింది ఒక్కటే. ఆ దేవుడు మనవాడా, పరాయివాడా?

తొలి శతాబ్దాల క్రైస్తవ చిత్రాల్లో సాతాను దాదాపు కనిపించడు. ఇటలీలోని రవెన్నాలో 6వ శతాబ్దపు ఆలయం గోడమీద క్రీస్తు గొర్రెలనూ మేకలనూ వేరుచేసే చిత్రం ఉంది. అందులో మేకల వైపు నిలబడిన నీలిరంగు దూతను కొందరు పండితులు సాతాను తొలి బొమ్మ అంటారు. అతనికి కొమ్ముల్లేవు, తోక లేదు. అందమైన దూత! భయపెట్టే రూపం మధ్యయుగాల్లో పెరిగింది. 13వ శతాబ్దం మొదట్లో బొహీమియాలో రాసిన ‘కోడెక్స్ గిగాస్’ అనే భారీ గ్రంథంలో ఒక పేజీ నిండా కొమ్ముల సాతాను కూర్చుని ఉంటాడు. ఆ పుస్తకం ఇప్పుడు స్వీడన్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. 14వ శతాబ్దంలో డాంటే తన కావ్యంలో సాతానుకు మూడు ముఖాలు, గబ్బిలం రెక్కలు పెట్టి మంచులో పాతేశాడు. చిత్రకారులు, కవులు, నాటకాలవాళ్లు తలా ఒక అవయవం అతికించారు. ఆ మొత్తం మిషన్ బొమ్మల మీదుగా, సినిమాల మీదుగా మన ఊళ్లకు దిగింది.

మన ఊళ్లలో దీనికి మరో చరిత్ర ఉంది. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరాడు. ఒంగోలుకు పడమట ఉన్న పల్లెల్లో సువార్తను నడిపించిన తొలి మనిషి యెర్రగుంట్ల పేరయ్య. క్రైస్తవుడు కాకమునుపే ఆయన ఒక గురువు దగ్గర యోగం నేర్చినవాడు. ఆయన ఆనాడు వెతికింది దయ్యాన్ని కాదు, దేవుణ్ణి! 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నల్లమలలో పుట్టి కంభం చెరువు మీదుగా పారే గుండ్లకమ్మే అది. క్లౌ దొర కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరలో డప్పు కొట్టం అన్నందుకు ఆ పేద విశ్వాసులు ఊరి పెద్దల చేత దెబ్బలు తిన్నారు. దెబ్బలకు ఓర్చి నిలబడ్డ ఆ విశ్వాసం గొప్పది. అయితే ఆనాటి మిషనరీ రాతల్లో పోలేరమ్మ, అంకమ్మల కొలుపులకు ‘దయ్యాల పూజ’ అన్న పేరు మామూలైపోయింది. మన పొరుగువాడి భక్తిని మనం అనే మాట కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. క్రిస్మస్ నాటకంలో సాతాను వేషం కట్టి, అతని చేతిలో త్రిశూలం పెడతాం. మనకది బొమ్మల్లో చూసిన గ్రీకు శూలం. కాని మనం బతికేది త్రిపురాంతకం, శ్రీశైలం పక్కన. శివరాత్రికి దోర్నాల దారిలో నడిచివెళ్లే మన పక్కింటివారికి అది వారి దేవుడి ఆయుధం. మనం ఒక్క మాట అనకపోయినా ఆ వేషం వారిని తిట్టినట్టే ఉంటుంది. అలా నొచ్చుకున్న మనసుకు సువార్త ఎలా చేరుతుంది? అపొస్తలుడైన పౌలు విగ్రహాలకు అర్పించే బలుల విషయంలో విశ్వాసులను గట్టిగానే హెచ్చరించాడు (1 కొరింథీ 10:20). అయినా ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు, వీళ్లు మన దేవతను దూషించలేదని ఆ పట్టణపు కరణమే సాక్ష్యం చెప్పాడు (అపొ. కార్యములు 19:37). మన గురించి మన ఊరివాళ్లు అలా చెప్పగలరా?

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. కొమ్ముల కోసం వెతికేవాడు కొమ్ములు లేని సాతానును గుర్తుపట్టలేడు. అతడు వెలుగు దూత వేషంలో వస్తాడని పౌలు ముందే చెప్పాడు (2 కొరింథీ 11:14). అరణ్యంలో ప్రభువు దగ్గరికి వచ్చినప్పుడు అతడు శూలంతో రాలేదు, లేఖనంతో వచ్చాడు (మత్తయి 4:6). మరోసారి ప్రియ శిష్యుడైన పేతురు నోట మాట్లాడాడు (మత్తయి 16:23). మన మధ్య ఏ రూపంలో తిరుగుతున్నాడో మనమే చూసుకోవాలి. బోరు మీద బోరు వేసి, నీళ్లు పడక అప్పుల్లో మునిగిన రైతు చెవిలో ‘నీకింక దారి లేదు’ అనేది అతడే. ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చునేవారి మధ్య కులం గోడ కట్టేది అతడే. సంఘం ఆస్తుల కోసం విశ్వాసులను కోర్టు మెట్లెక్కించేదీ అతడే. పెళ్లిలో వాక్యం చదివించి, పక్కగదిలో కట్నం లెక్కపెట్టించేదీ అతడే. వీటిలో దేనికీ తోక కనిపించదు.

ఇంట్లో ఒక ఆడబిడ్డ నిద్రపోక, తనలో తాను మాట్లాడుకుంటుంటే ‘దయ్యం పట్టింది’ అని కట్టేసి కొట్టడం ఇంకా అక్కడక్కడా జరుగుతోంది. ప్రార్థన చేద్దాం, తప్పకుండా చేద్దాం. దానితోపాటు వైద్యుడికీ చూపిద్దాం. 2022లో మొదలైన ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. సువార్త రాసిన లూకాను పౌలు ‘ప్రియమైన వైద్యుడు’ అన్నాడు కదా! రోగిని నేరస్థురాలిగా నిలబెట్టడం అపవాది పని. ప్రభువు రోగుల మీద చేతులుంచి స్వస్థపరిచాడు.

సాతాను లేడని మేము చెప్పడం లేదు. అతని బొమ్మ మనుషులు వేసిందని మాత్రమే చెబుతున్నాం. ఆ బొమ్మకు భయపడమని బైబిల్ ఎక్కడా చెప్పలేదు. దేవునికి లోబడి అపవాదిని ఎదిరిస్తే అతడే పారిపోతాడని యాకోబు రాశాడు (యాకోబు 4:7). ఎదిరించాలంటే ముందు అతని మాటను గుర్తుపట్టాలి. ఎదుటివాడి మీద నేరం మోపాలనిపించినప్పుడు, ఆశ వదులుకోమని మనసు చెబుతున్నప్పుడు, పొరుగువాణ్ణి తక్కువ చేస్తే మన దేవుడు ఎక్కువవుతాడని అనిపించినప్పుడు ఆ స్వరం ఎవరిదో ఒక్కసారి ఆగి ఆలోచిద్దాం. మన కాపరి స్వరం తెలిసిన గొర్రెలం మనం. పరాయి స్వరం వెంట పోకుండా ఆయనే మనల్ని కాపాడును గాక.