ప్రజల దీవులు

కెనడా దేశపు పశ్చిమ తీరమునకు దవ్వుగా, పసిఫిక్ మహాసముద్రమున నొక ద్వీపమాలిక కలదు. 1787లో ఆంగ్ల నావికుడు జార్జి డిక్సన్ తన ఓడ పేర దానికి క్వీన్ షార్లెట్ దీవులని నామకరణము చేసెను. రెండు శతాబ్దములకు పైగా పటములందు నిలిచిన యా పేరు 2010లో తొలగిపోయినది. నేడవి హైదా గ్వాయీ. అచటి ఆదివాసులగు హైదాల భాషలో ప్రజల దీవులని యర్థము.

దక్షిణ భాగమగు గ్వాయీ హానాస్‌కు రహదారి లేదు. పడవలోనో, నీటిపై వ్రాలు విమానములోనో పోవలెను. దిగిన పిమ్మట కాలినడకయే. గుర్తులు పెట్టిన బాటలు అరుదు; ఒడ్డున రాళ్లమీదుగను, జంతువులు త్రొక్కిన జాడల వెంటను సాగవలెను. ఇరుప్రక్కల మిన్నుముట్టు స్ప్రూస్, సెడార్ వృక్షములు. నేలకూలిన మ్రాకులపై దట్టమైన నాచు. ఆ నాచుపై మరల మొలకెత్తు చెట్లు.

ఈ యడవికి సముద్రము ఎరువు పెట్టుచున్నది. శరత్కాలమున సాల్మన్ చేపలు గ్రుడ్లు పెట్టుటకై ఏరుల కెదురీదును. నల్ల యెలుగుబంట్లు వానిని పట్టి, అడవిలోనికి గొనిపోయి, కొంత తిని తక్కినది విడిచిపోవును. అది పక్షులకును పురుగులకును ఆహారమై, తుదకు మట్టిలో కలిసి వేళ్లకు చేరును. కడలినుండి వచ్చిన నత్రజనిని శాస్త్రజ్ఞులు చెట్ల కాండములందే గుర్తించిరి.

ఏన్షెంట్ మర్లెట్ అను చిన్న సముద్రపక్షులలో ఇంచుమించు సగము ఇచటనే చెట్లవేళ్ల నడుమ బొరియలలో పిల్లలను చేయును. పుట్టిన రెండు మూడు దినములకే, రెక్కలు రాకయే, ఆ పిల్లలు చీకటిలో తల్లిదండ్రుల పిలుపు విని సముద్రమునకు పరుగెత్తును. ఓడలతో వచ్చిన ఎలుకలు కొన్ని దీవులలో ఈ పక్షులను మిక్కిలి నశింపజేసినవి. వచ్చినవారి వెంట వచ్చు కీడునకు ఇది తార్కాణము.

అడవి తనంత తాను నిలువలేదు. 1985లో లయల్ ద్వీపమున చెట్లు నరుకబోవు వారి దారికి హైదాలు అడ్డముగా నిలిచిరి. వృద్ధులు సహా 72 మంది నిర్బంధితులైరి. 1993లో కెనడా ప్రభుత్వమును హైదాలును సమాన ప్రాతినిధ్యముతో ఈ ప్రదేశమును కాపాడుటకు ఒడంబడిక చేసికొనిరి. భూమి ఎవరిదన్న విషయమున ఎవరి వాదము వారిదేయని అందులోనే వ్రాసికొనుట విశేషము. 2024లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రము దీవులపై హైదాల హక్కును అంగీకరించెను.

నేడు యాత్రికుడు అడుగిడుటకు ముందే అచటి మర్యాదలు నేర్చుకొనవలెను. స్గాంగ్ గ్వాయ్ అను పాత గ్రామము 1981లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. పందొమ్మిదవ శతాబ్దమున మశూచి వాతబడి ఆ జాతి క్షీణించగా, ఊరు పాడుపడినది; చెక్కిన సెడార్ స్తంభములు మిగిలినవి. వేసవిలో హైదా కావలివారు అచట నివసింతురు. ఒక్కమారు పన్నెండుగురకు మించి రానీయరు. స్తంభములు తుదకు నేలకొరగి మట్టిలో కలియుట వారికి సహజధర్మమే.

తరగతిలో ఈ దీవులను పటమున చూపునపుడు, పేరు మారిన కథయు అడవి నిలిచిన కథయు ఒక్కటేయని ఉపాధ్యాయులు చెప్పవచ్చును.