రాక్షసి బొగ్గు ఊళ్లో కట్టె బొగ్గు విశేషాలు

గోలేటిలో బొగ్గంటే భూమిలోంచి పైకొచ్చేదే. సింగరేణి బెల్లంపల్లి ఏరియా జీఎం కార్యాలయం ఉన్నది ఇక్కడే. ఊరు దాటితే ఆసిఫాబాద్ జిల్లా పత్తి చేలు. ఆ చేలో మిగిలిన పత్తి కట్టెతో తయారై, తిరిగి మట్టిలోకి వెళ్లే బొగ్గు ఇంకొకటుంది. దాని పేరు బయోచార్. రాక్షసి బొగ్గుకు ఉన్నట్టే దీనికీ కొలతలు, కట్టుబాట్లు ఉన్నాయి.

◆ మన దేశంలో 2012 నుంచి రాక్షసి బొగ్గును జి1 నుంచి జి17 దాకా గ్రేడులుగా విడదీస్తున్నారు. కిలో బొగ్గు ఎంత వేడినిస్తుందన్నదే అక్కడ లెక్క. బయోచార్‌కు ఇంటర్నేషనల్ బయోచార్ ఇనీషియేటివ్ తొలి ప్రమాణాలు తెచ్చిందీ, యూరోపియన్ బయోచార్ సర్టిఫికెట్ మొదలైందీ అదే ఏడాది. వీటికి వేడితో పనిలేదు. మట్టిలో ఎన్నాళ్లు నిలుస్తుంది, మట్టికి కీడు చేయదు కదా అన్నవే చూస్తాయి.

◆ బయోచార్ పరీక్షలో కీలకమైన అంకె 0.7. హైడ్రోజన్, కార్బన్ పరమాణువుల నిష్పత్తి అంతకు మించితే కట్టె సరిగా బొగ్గు కాలేదని అర్థం. ఆ సరుకు ప్రమాణానికి నిలవదు.

◆ ఎంత వేడిలో చేస్తే అంత మన్నిక. ఐపీసీసీ 2019 లెక్క ప్రకారం 350–450 డిగ్రీల మధ్య చేసిన బయోచార్‌లోని కార్బన్‌లో 65 శాతం నూరేళ్ల తర్వాత కూడా మట్టిలో ఉంటుంది. 450–600 డిగ్రీలైతే 80 శాతం, 600 దాటితే 89 శాతం.

◆ పొగ బొగ్గు మీదే పేరుకుంటే పీఏహెచ్‌లనే రసాయనాలు అంటుకుంటాయి. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. వ్యవసాయానికి వాడే సరుకులో 16 రకాల పీఏహెచ్‌లు కలిపి కిలోకు దాదాపు 6 మిల్లీగ్రాములు మించరాదని యూరప్ సర్టిఫికెట్ నియమం. వెలువడే వాయువులను గాలికి వదిలేయకూడదు, మండించాలి లేదా వాడుకోవాలి. అందులోని మీథేన్ భూతాపాన్ని పెంచుతుంది మరి.

◆ గనిలోని బొగ్గు పొడి పొలంలో చల్లితే అది బయోచార్ కాదు. పవర్ ప్లాంటు బూడిద కూడా కాదు. ముడిసరుకు చెట్టూ చేమా, పంట వ్యర్థాల్లాంటి జీవపదార్థమే కావాలి. రంగేసిన చెక్క, ప్లాస్టిక్ కలిసిన చెత్త పనికిరావు. బొగ్గు కోసం అడవి నరకడానికీ ఒప్పుకోరు.

◆ హైదరాబాద్‌లోని క్రీడా (కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) 200 లీటర్ల పాత నూనె డ్రమ్ముతోనే బయోచార్ బట్టీ తయారుచేసింది. పత్తి కట్టె మీద కూడా దాన్ని పరీక్షించింది. పొగ పలచబడ్డాక మూతపెట్టి, సందులకు మట్టి మెత్తి గాలి ఆపేస్తే కట్టె బూడిద కాకుండా బొగ్గుగా మిగులుతుంది.

◆ ఏరడం అయిపోయాక పత్తి కట్టెను చేలోనే వదిలేస్తే, మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు తలదాచుకుని మరుసటి పంట మీద పడుతుంది. అందుకే వ్యవసాయాధికారులు కట్టె తీసేయమంటారు. చాలామంది కుప్పేసి తగలబెడతారు. బట్టీకి చేరిస్తే పురుగూ పోతుంది, కార్బనూ మిగులుతుంది.

◆ ప్రతి నేలకూ బయోచార్ మంచిదే అనుకోకూడదు. దానికి సాధారణంగా క్షార గుణం ఉంటుంది. ఆమ్ల నేలలకు, నీరు నిలవని ఇసుక నేలలకు మేలు ఎక్కువ. మన నల్లరేగడికి ముందే క్షార గుణం ఉంటుంది కాబట్టి, భూసార పరీక్షలో పి.హెచ్. చూశాకే వేయాలి. ఒట్టి బొగ్గు నేలలోని నత్రజనిని కొంతకాలం పట్టేసుకుంటుంది. పశువుల ఎరువులోనో కంపోస్టులోనో కలిపి మాగబెట్టి వేయడం మేలు. తడిపి చల్లితే దుమ్ము ముక్కుల్లోకి పోదు.

◆ యార్డులో బొగ్గు కుప్ప దానంతటదే అంటుకోవడం సింగరేణి వాళ్లకు కొత్త కాదు. కట్టె బొగ్గుకూ ఆ గుణముంది. రవాణాలో ఐక్యరాజ్యసమితి దీనికిచ్చిన సంఖ్య 1361. తనంతట తాను వేడెక్కే సరుకుల జాబితాలో ఉంటుంది. పూర్తిగా చల్లారకముందే బస్తాలకెత్తితే ప్రమాదం.

◆ 2025 జనవరిలో గూగుల్ మన దేశపు వరాహ అనే సంస్థ నుంచి 2030లోగా లక్ష టన్నుల బయోచార్ కార్బన్ క్రెడిట్లు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఇలాంటి క్రెడిట్ దక్కాలంటే బయోచార్ మట్టిలోకో, కాలిపోని మరో వాడకంలోకో వెళ్లినట్టు రుజువు కావాలి. హోటల్ పొయ్యిలోకి వెళ్తే ఆ క్రెడిట్ పోయినట్టే. కాల్చనందుకు డబ్బులొచ్చే బొగ్గు ఇది!