పోయినవారి షరతులు, ఉన్నవారి అవసరాలు

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి ఒకప్పుడు మేయరుగా చేసిన బ్రయన్ ముల్లాన్ఫీ 1851లో చనిపోయాడు. ఆస్తిలో మూడో వంతును, ఆ ఊరి మీదుగా పడమటి దిక్కుకు వలసపోయే పేద ప్రయాణికుల సాయానికి రాసిపోయాడు. ఆ రోజుల్లో అంతకంటే అక్కరకొచ్చే దానం ఉండదు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా, పిల్లాపాపలతో, రోగాలతో జనం ఆ ఊరు చేరేవారు. తర్వాత రైళ్లొచ్చాయి, వలసబండ్ల కాలం గడిచిపోయింది. డబ్బు మాత్రం పోగుపడుతూనే వచ్చింది. ఊళ్లో పేదవాళ్లు లేక కాదు. వాళ్లు పడమటికి ప్రయాణం కట్టినవాళ్లు కారు కాబట్టి వాళ్లకిచ్చే దారి వీలునామాలో లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంటి మేధావి రాసిన వీలునామాకూ ఈ చిక్కు తప్పలేదు. ఆయన 1790లో పోతూ బోస్టన్‌కు, ఫిలడెల్ఫియాకు చెరి వెయ్యి పౌండ్లు వదిలాడు. పాతికేళ్లలోపు వయసుండి, పెళ్లయి, ఒక గురువు దగ్గర పని నేర్చుకున్న చేతివృత్తుల యువకులకు దాన్ని అప్పుగా ఇవ్వాలన్నాడు. ఫ్యాక్టరీలు పెరిగి, గురువు దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకునే పద్ధతే పోయేసరికి, అప్పు అడిగేవాళ్లు కరువయ్యారు.

ఇలాంటి వీలునామాలను వృత్తిరీత్యా చూస్తూ వచ్చిన మనిషి ఫ్రెడరిక్ గాఫ్. లాయరుగా పనిచేసి, క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకుకు అధ్యక్షుడయ్యాడు. సమాధిలోని చెయ్యి బతికున్నవాళ్ల డబ్బును పట్టుకుని వదలకపోవడమే ఆయన్ను వేధించిన సమస్య. 1914 జనవరిలో ఆయన పెట్టిన క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ ప్రపంచంలోనే మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్. ఏర్పాటు సులువైనదే. ఊళ్లో ఎవరైనా, చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా, ఒకే ఉమ్మడి నిధికి రాసిపెట్టవచ్చు. బ్యాంకు అసలును కాపాడుతుంది, రాబడిని ఎక్కడ ఖర్చుపెట్టాలో స్థానికుల కమిటీ నిర్ణయిస్తుంది. ఆ కమిటీలో కొందరిని నియమించే హక్కు నగర మేయరుకూ న్యాయమూర్తులకూ ఇచ్చాడు. దాత పెట్టిన షరతు కాలం చెల్లి అక్కరకు రాకుండా పోతే, దాన్ని మార్చే అధికారమూ కమిటీకే ఉంటుంది. నా దృష్టిలో కమ్యూనిటీ ఫౌండేషన్‌కు ప్రాణం ఈ చివరి అంశమే. డబ్బు పోగుచేసే సంస్థలు చాలా ఉన్నాయి. ఈ తరం అవసరాన్ని ఈ తరమే తేల్చుకునే హక్కును దాత ముందుగానే రాసివ్వడం అరుదు.

ఆ హక్కు వల్ల ఊరివాళ్లకు ఒరిగిందేమిటో క్లీవ్‌లాండ్ చరిత్రలోనే కనిపిస్తుంది. వీలునామాల డబ్బు రాసినవాళ్లు పోయాక గానీ రాదు కనుక, మొదటి ఏళ్లలో ఫౌండేషన్ చేతిలో సొమ్ము లేదు. గాఫ్ ఆ సమయాన్ని వృథా చేయకుండా నగరం స్థితిగతుల మీద సర్వేలు చేయించాడు. 1915, 16 సంవత్సరాల్లో లెనార్డ్ ఏయర్స్ నాయకత్వాన ప్రభుత్వ పాఠశాలల సర్వే జరిగింది. కొద్ది కాలానికే నగర న్యాయస్థానం ప్రధాన న్యాయమూర్తి ఒక హత్యకేసులో ముద్దాయి అయ్యాడు. అప్పుడు పోలీసు, ప్రాసిక్యూషన్, కోర్టుల పనితీరును తవ్వితీసే బాధ్యతను హార్వర్డ్ న్యాయశాస్త్రవేత్తలు రాస్కో పౌండ్, ఫీలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌లకు ఫౌండేషన్ అప్పగించింది. వారి నివేదిక 1922లో వెలువడింది. ఏ దాతా తన వీలునామాలో కోర్టులను పరీక్షించమని రాసి ఉండడు. అంతకు దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, ఫ్యాక్టరీలు మూతబడి ఉపాధి పోయిన అదే నగరంలో, అదే ఫౌండేషన్ ఎవర్‌గ్రీన్ సహకార సంఘాలకు అండగా నిలిచింది. ఊళ్లోని పెద్ద ఆసుపత్రులకు ఎలాగూ దుప్పట్లు ఉతికించుకోవాలి. ఆ పనిని పేద పేటల కార్మికులే యజమానులుగా ఉండే లాండ్రీ చేస్తే సొమ్ము అక్కడే తిరుగుతుందన్నది ఆలోచన. ఆ లాండ్రీ 2009లో మొదలైంది. బడుల సర్వే నుంచి కార్మికుల లాండ్రీ దాకా ఒకే సంస్థ రాగలిగిందంటే, ఆస్తి రాసినవాళ్లు షరతులతో దాన్ని కట్టిపడేయకపోవడమే కారణం.

దాత మాటను మార్చడం అన్యాయం కాదా అని అడగవచ్చు. తన కష్టార్జితాన్ని తనకు నచ్చిన పనికివ్వడం ఆయన హక్కే. కానీ ఇక్కడ మోసమేమీ లేదు. షరతు మారవచ్చన్న సంగతి తెలిసే దాత సంతకం చేస్తాడు, పైగా ఆ అధికారం వాడేది షరతు నెరవేర్చడం అసాధ్యమో అనవసరమో అయినప్పుడే. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: ఊరి అవసరాలు తేల్చడానికి ఓట్లేసి ఎన్నుకున్న ప్రభుత్వం ఉండగా, పలుకుబడిగల నలుగురి కమిటీ ఎందుకు? ఇందులో నిజముంది. ఫౌండేషన్ పన్నులకు ప్రత్యామ్నాయం కాలేదు, బళ్లనూ ఆసుపత్రులనూ మోయగలిగే డబ్బు దానికి ఉండదు. కానీ ఆ ఊరి కోర్టుల మీదే విచారణ జరిపించడం వంటివి ప్రభుత్వం తనంతట తాను చేయని పనులు. కమిటీలో పేద పేటలవాళ్లకూ చోటిచ్చి, లెక్కలు బయటపెడితే ఆ అభ్యంతరం పదును తగ్గుతుంది. లేకపోతే తగ్గదు, తగ్గకూడదు కూడా.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది డబ్బు నిలవ ఉండిపోవడం. అసలు తరగకుండా ఏటా 4, 5 శాతం ఖర్చుపెట్టడాన్ని సమర్థించవచ్చు, రేపటివాళ్లకూ వాటా ఉండాలి గనుక. కానీ 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్ట్ మొదలుపెట్టిన ఒక పద్ధతి ఇప్పుడు విపరీతంగా పెరిగింది. అందులో దాత బతికుండగానే డబ్బు జమచేసి, ఎవరికివ్వాలో తానే సలహా చెబుతుంటాడు. పన్ను రాయితీ జమచేసిన ఏడాదే దక్కుతుంది, డబ్బు బయటికి రావడానికి మాత్రం గడువు లేదు. వెళ్లేది ఆ ఊరికే కానక్కర్లేదు కూడా. ఇది ఉమ్మడి నిధికి విరుద్ధమైన దారి. ఇలాంటి ఖాతాలకు చట్టం గడువు పెట్టాలి.

తెలుగు నేలకు దానం కొత్త కాదు. బాటసారులకు సత్రాలు కట్టించి, నిర్వహణకు భూములు రాసినవాళ్లు మనకెందరో. రైళ్లూ బస్సులూ వచ్చి కాలినడకన యాత్రలు సాగించేవాళ్లు తగ్గాక, ముల్లాన్ఫీ నిధికి ఎదురైన ప్రశ్నే వాటికీ ఎదురైంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు సొంతూళ్ల బళ్లకు గదులు కట్టిస్తున్నారు, నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టిస్తున్నారు. గది కట్టాక దాన్ని ఎవరు బాగుచేయిస్తారు, పిల్లలు తగ్గి బడే మూతపడితే ఆ గది ఏమవుతుంది అన్నది చాలాచోట్ల ఎవరూ రాసిపెట్టరు. ఒక్కొక్కరు ఒక్కో గదికి తమ పేరు చెక్కించే బదులు మండలానికో ఉమ్మడి నిధి పెట్టి, ఉపాధ్యాయుల్నీ రైతుకూలీల్నీ మహిళా సంఘాలవాళ్లనూ కమిటీలో కూర్చోబెట్టి, ఏటా లెక్కలు గ్రామసభలో చదివిస్తే, రాసిచ్చే పొలమైనా పంపే డాలరైనా ఆ ఏడు ఊరికి కావలసిన పనికే చేరుతుంది.