నూతి పంపు

మా పెరటిలో ఒక నుయ్యి కలదు. దానిపై సిమెంటు పలక కప్పి, ఒక మూలను మూత యుంచి, నడుమ చేతిపంపు బిగించినారు. ఇరువది యేండ్లు ఆ పంపు మా యింటికి నీరిచ్చినది. ఒక వైశాఖమున హఠాత్తుగా మానినది. పిడి ఎంత కొట్టినను చప్పుడే గాని చుక్క రాలేదు. మరమ్మతు చేయువాడు పెండ్లికై పొరుగూరు పోయినాడు. వీధి కొళాయి రెండు దినముల కొకసారి గాని రాదు. ఎనుబది దాటిన మా తల్లిగారు మంచమున నున్నారు. నీరు లేక యిల్లు గడచు టెట్లు? పంపు పాడైనదని నిశ్చయించి, క్రొత్తది కొని, నేనే మార్చుటకు పూనుకొంటిని. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమడు తోడు వచ్చినాడు.

పని అంత కష్టమైనది కాదు. త్రుప్పు పట్టిన బోల్టులకు ముందునాటి రాత్రి కిరసనాయిలు పోసి నాననిచ్చితిమి. పంపును విప్పుటకు పూర్వము దాని క్రింది గొట్టమును ఇనుప క్లాంపుతో గట్టిగా బిగించవలెను. ఇది మరచినచో గొట్టమంతయు జారి నూతిలో పడును. పిమ్మట దానిని తీయుట కొత్త పంపు వెలకన్న ఎక్కువ ఖర్చు. మరలపై జనుపనార చుట్టి, రంగు పూసి, క్రొత్త పంపును బిగించితిమి. లోపలి తోలు బిళ్లను రాత్రియంతయు నీట నానవేసితిమి. ఎండిన తోలు గొట్టము గోడను అంటదు. సందు నుండి గాలి చొరబడును.

ఉదయము పైనుండి చెంబెడు నీరు పోసి పిడి కొట్టితిని. నీరు రాలేదు. బోల్టులు మరల బిగించితిని. అప్పుడును రాలేదు. చేతులు కాయలు కాచినవి.

"తాతయ్యా, నీరు ఎంత లోతున ఉన్నది?" అని మనుమడడిగెను.

ముప్పది యేండ్లు పిల్లలకు పాఠములు చెప్పిన నాకు ఆ ప్రశ్న తోచలేదు! మూత తీసి, త్రాటికి రాయి కట్టి వదలితిమి. పలక నుండి నీటికి 29 అడుగులు. పలకపై పంపు ఎత్తు మరి రెండడుగులు.

బాలలారా, పంపు నీటిని లాగునని మన మనుకొందుము. నిజమునకు అది లాగదు. పిడిని క్రిందికి నొక్కినప్పుడు లోపల ముషలకము పైకి లేచును; దాని క్రింద గాలి పలుచబడును. అప్పుడు నూతిలోని నీటిపై నున్న బయటి గాలి తన బరువుతో నీటిని గొట్టములోనికి నెట్టును. పిడి ఎత్తగా ముషలకము దిగును. అడుగు కవాటము మూసికొనును, ముషలకములోని కవాటము తెరచుకొనును, నీరు దాని పైకి చేరును. మరుసటి నొక్కునకు ఆ నీరే బయట పడును. మన పని గాలికి దారి యిచ్చుటయే.

అయితే గాలి బలమున కొక హద్దు కలదు. పీల్చు పంపు నీటిని సుమారు 18 మూరలకు మించి ఎత్తజాలదని ఇటలీ దేశపు గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. ఆయన శిష్యుడు టారిసెల్లి 1643లో కారణము పట్టెను. గాలి బరువు పాదరసమును 76 సెంటీమీటర్ల ఎత్తున నిలుపగలదు. పాదరసము నీటికన్న 13.6 రెట్లు బరువు. 76ను 13.6తో గుణించి చూడుడు: సుమారు 1033 సెంటీమీటర్లు, అనగా 10.3 మీటర్లు. అతుకుల యందును తోలు యందును గాలి కొంత చొరబడును గనుక, మన యిండ్ల పంపులు సుమారు 7 మీటర్లు, అనగా 23 అడుగులు దాటిన కష్టము. మాకు కావలసినది 31 అడుగులు!

పాత పంపు చెడలేదు. వేసవిలో నీరే దిగినది. ఆ పాత పంపును అప్పటికే ఇనుప సామానులవాడు తూకమునకు కొనిపోయినాడు. ఈ తొందరపాటు నాకు నేటికిని సిగ్గు కలిగించును.

"నూతిలోనికి దిగి పంపును క్రిందికి దించుదమా?" అని మనుమడు ఉత్సాహపడెను. నేను కోపగించితిని. మూసియున్న నూతిలో ప్రాణవాయువు లేకపోవచ్చును. దిగినవాడు కేక వేయుటకైనను వ్యవధి యుండదు. అతనిని రక్షింప దిగిన రెండవవాడును మరణించిన వార్తలు పత్రికలలో వచ్చుచునే యుండును.

లోతు నీటికి వేరు పంపు కలదు. 1970ల దశకమున మన దేశముననే రూపొందిన 'ఇండియా మార్క్ 2' పంపును వీధులలో చూచియుందురు. దాని ముషలకము పైన నుండదు; పొడవైన ఇనుప కడ్డీ చివర, నీటి మట్టమునకు క్రిందనే యుండును. గాలి సాయముతో ఎక్కించు ఎత్తు లేనందున ఆ హద్దు దానికి అడ్డురాదు. కాని దానిని బిగించుట ఒక్క ముసలివానికి, ఒక్క బాలునికి చాలు పని కాదు.

అందుచే మూత తీసి, గిలక కట్టి, చేదతో రెండు నెలలు నీరు తోడితిమి. మా తల్లిగారి స్నానమునకు కావలసిన బిందెలు ప్రతి ఉదయము మనుమడే నింపెను. శ్రావణమున వానలు పడిన పిదప కొలువగా నీరు 18 అడుగుల లోతునకు వచ్చినది. చెంబెడు నీరు పోసి పిడి కొట్టగా, అయిదవ దెబ్బకు క్రొత్త పంపు నీరు వేసినది. అడుగున కొక ముడి చొప్పున వేసిన కొలత త్రాడు నాటినుండి ఆ పంపు ప్రక్క మేకునకు వ్రేలాడుచున్నది.