తాళపత్ర ప్రతిబింబముద్రణం – ఛాయాసంస్కారం

ప్రాచీన గ్రంథ పరిష్కరణంలో మాతృకను ప్రత్యక్షంగా చూడటం అన్నివేళలా సాధ్యం కాదు. పెళుసుబారిన తాళపత్రాలను మాటిమాటికి విప్పటం వాటికి హానికరం. అందుచేత వాటి డిజిటల్ ఛాయాచిత్రాలను నలుపు తెలుపులలో కాగితంపై ముద్రించుకొని పాఠాలను సరిపోల్చుకోవటం కద్దు. అట్టి ప్రతి సాక్ష్యంగా నిలవాలంటే చిత్రంలోని వెలుగునీడల తారతమ్యం కాగితంమీద కూడ చెడకుండా ఉండాలి.

ఈ నియమం తప్పినప్పుడు కలిగే హాని సామాన్యమైనది కాదు. తాళపత్రంమీది అక్షరం గంటంతో గీసిన గాటు. దానిలో మసి పూసి తుడవటంవల్ల అది స్ఫుటమవుతుంది. మసి రాలిన చోట గాటుకు, ముదురు వన్నె తిరిగిన ఆకుకు ఛాయాభేదం అత్యల్పం. ‘దార’ యనగా భార్య, ‘ధార’ యనగా ప్రవాహం. లిపిలో రెంటికి భేదం అక్షరం అడుగునుండే చిన్న గీత మాత్రమే. లేఖకులు పలువురు ఒత్తులను పాటింపరన్నది ప్రసిద్ధం. ముద్రితప్రతిలో ఆ గీత కానరాకున్నచో లేఖకుడు దానిని గీయలేదా, యంత్రం దానిని మ్రింగివేసినదా అన్న సందేహం తీరదు. యంత్రదోషమే లేఖకదోషంగా పీఠికకెక్కే ప్రమాదమున్నది.

సాధారణమైన డిజిటల్ చిత్రంలో నలుపు మొదలు తెలుపు వరకు 0 నుండి 255 దాకా 256 ఛాయలుంటాయి. ఇంక్‌జెట్ యంత్రం వాటిని సిరాబిందువులుగా మారుస్తుంది. సిరా కాగితంలో వ్యాపించటంచేత ఛాయ ఉద్దేశించినదానికంటె ముదురుగా పడుతుంది. చీకటిఛాయలు ఒకదానిలోనొకటి కలిసిపోతాయి. పైన చెప్పిన సన్నగీత ఉండేది ఆ చీకటిలోనే.

దీనికి ప్రతిక్రియలు రెండు. మొదటిది లీనియరైజేషన్, అనగా రేఖీయీకరణం. రెండవది వర్ణనిర్వహణ. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, యంత్రం వర్తించే తీరు లక్ష్యం. ఆ తీరును వర్ణించే ‘ప్రొఫైల్’ అనే దస్త్రం లక్షణం. ఇట్టి దస్త్రాలకు ఏకరూపతను కల్పించినది 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం. అయితే లక్ష్యం అస్తవ్యస్తంగా ఉన్నప్పుడు లక్షణమెంత చక్కగా వ్రాసినను ప్రయోజనం స్వల్పం. ఒకటిగా కలిసిపోయిన ఛాయలను ఏ ప్రొఫైలూ విడదీయజాలదు. కనుక ముందు సంస్కారం, పిదప లక్షణం.

ఆ సంస్కారక్రమం ఇట్టిది. తెలుపు నుండి నలుపు వరకు 5 శాతం చొప్పున పెరిగే 21 మెట్ల పట్టీని, వాడబోయే కాగితంమీదనే, వాడబోయే సిరాతోనే ముద్రించాలి. సిరా పూర్తిగా ఆరిన పిమ్మట ప్రతి మెట్టు ప్రకాశమానాన్ని స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలవాలి. 1976లో నిర్ధారితమైన ప్రకాశమానంలో నలుపు 0, తెలుపు 100. కాగితపు తెలుపు 96, సిరా నలుపు 16 అనుకొన్నచో నడుమనున్న 20 అంతరాలు ఒక్కొక్కటి 4 చొప్పున ఉండాలి. 50 శాతపు మెట్టు 56 వద్ద నిలవాలి. అది 45 వద్ద పడినచో అక్కడ సిరా తగ్గింపవలెను. ఈ సవరణలన్నీ కలిసి ఒక వక్రరేఖ అవుతాయి. దానిని యంత్రానికిచ్చి పట్టీని మరల ముద్రించి, మరల కొలవాలి. కాగితం మారినను, సిరా మారినను ఈ క్రమం మొదటికి రావలసినదే.

సిరా విషయంలోను వివేచన అవసరం. రంగుసిరాలను కలిపి బూడిదవన్నెను సాధించినచో అది దీపకాంతిలో ఒక విధంగా, పగటివెలుగులో మరొక విధంగా తోచవచ్చును. పలు గాఢతలలోనుండే కర్బన సిరాలకు ఈ దోషం తక్కువ. గాటులో పూసిన మసియు కర్బనమే కావటం గమనింపదగినది. రంగుచిత్రాన్ని నలుపు తెలుపులకు మార్చునప్పుడు, మసి నిలిచిన ఆకులకు ఎరుపుపొరను గ్రహించటం మేలు. పసుపు, గోధుమవన్నెలు ఆ పొరలో తేలికపడి, మసి నల్లగానే నిలుస్తుంది.

ప్రతిబింబప్రతి అంచున ఆ మెట్లపట్టీని కూడ ముద్రించటం ఉత్తమం. 21 మెట్లు వేరువేరుగా కనబడుతున్నచో, కానరాని గీతకు ముద్రణయంత్రం కారణం కాదని పరిష్కర్త ధైర్యంగా భావింపవచ్చును. చివరిమెట్లు కలిసిపోయినచో ఆ ప్రతినిబట్టి పాఠనిర్ణయం చేయరాదు. మాతృకను చూడవలసినదే.