ఫోను మూగబోతే వచ్చేదెవరు?

జిల్లా ఒక్కటే. దానికి ముఖ్యపట్టణాలు మాత్రం రెండు! ఉమ్మడి తూర్పుగోదావరిలో కలెక్టరు కాకినాడలో ఉంటే, టెలికాం జనరల్ మేనేజరు రాజమండ్రిలో ఉండేవారు. ద్రాక్షారామం రైతు భూమి అర్జీ పట్టుకుని ఒక దారిన, ఫోను గొడవ పట్టుకుని మరో దారిన వెళ్లాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. రామచంద్రపురం మండలంతోపాటు ఈ ఊరూ కోనసీమలో చేరింది. కలెక్టరేటు అమలాపురమైంది. భీమేశ్వరుడి ఊరి ఎస్టీడీ కోడు మాత్రం అదే... 08857.

అంకెల్లో అడ్రసు

ఆ కోడు ఏదో లాటరీలో తగిలింది కాదు. ఫోన్ల కోసం దేశాన్ని 2,600కు పైగా చిన్న చిన్న ప్రాంతాలుగా విడగొట్టారు. రామచంద్రపురం అలాంటి ఒక ప్రాంతం. పక్కనున్న అమలాపురం 08856. కాకినాడ 0884, రాజమండ్రి 0883. ముందున్న సున్నా తీసేస్తే కోడు, నంబరు కలిపి ఎక్కడైనా పది అంకెలే. రాజమండ్రి కోడు చిన్నది కాబట్టి నంబరుకు ఏడంకెలు. రామచంద్రపురం కోడు పెద్దది, అందుకే నంబరుకు ఆరు.

ఇలాంటి ప్రాంతాలు కొన్ని కలిస్తే ఒక టెలికాం జిల్లా. జిల్లాలన్నీ కలిస్తే సర్కిల్. 1985లో తపాలా నుంచి విడివడిన టెలికాం శాఖ ఈ చట్రంలోనే పనిచేసింది. 2000 అక్టోబరు 1న పుట్టిన బీఎస్‌ఎన్‌ఎల్ కూడా దాన్నే అందుకుంది. సర్కిల్‌కు చీఫ్ జనరల్ మేనేజరు, జిల్లాకు జనరల్ మేనేజరు, ఆ కింద డివిజనల్ ఇంజినీరు, సబ్ డివిజనల్ ఇంజినీరు, జేటీఓ... అందరికంటే చివర లైన్‌మన్. ఏ వీధి పెట్టెలో ఎవరింటి తీగ ఉందో, ఏ కాలువగట్టు దగ్గర కేబుల్ అతుకులోకి నీరు దిగుతుందో కాగితం చూడకుండా చెప్పగలిగేది అతనే. జనం 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయించినా, దారిలో కనబడితే అతన్నే నిలబెట్టి అడిగేవారు.

పల్లెకు దిగిన ఎక్స్ఛేంజి

అధికారుల సంగతి అలా ఉంచితే, యంత్రం కూడా ఊళ్లోనే ఉండాలన్న ఆలోచన 1984లో ఏర్పడిన సీ-డాట్‌ది. శామ్ పిట్రోడా చొరవతో మొదలైన ఆ సంస్థ గ్రామీణ ఎక్స్ఛేంజి తయారుచేసి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పింది. దానికి ఏసీ గది అక్కర్లేదు. ఎండనూ దుమ్మునూ తట్టుకునేది. అన్నిటికంటే పెద్ద సుగుణం... ఊళ్లోని కాల్స్‌ను అదే కలిపేది. పట్నంతో లైను తెగినా ఈ వీధివాళ్లు ఆ వీధి డాక్టరును పిలుచుకోగలిగేవారు.

తర్వాత 2000 దశకంలో అలాంటి చాలా ఎక్స్ఛేంజిలను పెద్ద ఎక్స్ఛేంజికి అనుబంధ పెట్టెలుగా మార్చారు. కొత్త సేవలు వచ్చాయి, నిర్వహణ తేలికైంది. కానీ కాల్ కలిపే పని ఊరు దాటిపోయింది. పైనున్న లైను తెగితే పక్కింటికి కూడా ఫోను కలవదు!

ఈ తేడా ఎంత ఖరీదైందో గాలివాన వచ్చినప్పుడు తెలుస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. స్తంభాలు ఒరిగి, తీగలు తెగి ఎన్నో ఊళ్లకు బయటి లోకంతో మాట లేకుండా పోయింది. అలాంటి వేళ సర్కిల్ ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగితే కుదరదు. తీగచుట్ట, నిచ్చెన, వాటిని వాడే మనిషి... మూడూ దగ్గర్లో ఉండాలి.

ఒక్క రోజులో ఖాళీ

ఆ మనుషులే తగ్గిపోయారు. 2020 జనవరి 31న ఒక్క రోజే బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి 78,569 మంది స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. అంటే సంస్థలో సగం మంది! అనేక టెలికాం జిల్లాలను కలిపి బిజినెస్ ఏరియాలుగా మార్చారు. రాష్ట్ర విభజన తర్వాత ఏపీ సర్కిల్ ఆఫీసు హైదరాబాద్ నుంచి విజయవాడకు వచ్చింది. పెద్ద ఆఫీసు కాస్త దగ్గరైంది, ఊళ్లో లైన్‌మన్ దూరమయ్యాడు.

ఆ ఖాళీని కొంత పూడ్చింది స్థానిక భాగస్వాములు. ఆదాయంలో వాటా తీసుకుని ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ ఇచ్చేది, చెడితే బాగుచేసేది వీళ్లే. ఒకరకంగా ఇదీ వికేంద్రీకరణే. కాకపోతే ఇంటి ముందు తీగ తెగితే వాళ్లు చూస్తారు, ఊరికి వచ్చే అసలు కేబుల్ తెగితే వాళ్లూ ఎదురు చూడాల్సిందే.

2025 సెప్టెంబరు 27న ప్రారంభమైన బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీకి గుండెకాయ లాంటి కోర్ వ్యవస్థ సీ-డాట్‌దే. ఒకప్పుడు ఎక్స్ఛేంజిని పల్లెకు దింపిన సంస్థే ఇప్పుడు దేశమంతటినీ కొద్దిచోట్ల నుంచి నడిపించే వ్యవస్థ ఇచ్చింది. మొబైల్‌కు అది తప్పదు కూడా. కానీ టవర్ బ్యాటరీ అయిపోతే జనరేటరులో డీజిల్ పోయాల్సింది టవర్ దగ్గరే. నెల తిరగగానే, అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దాపున తీరం దాటింది. డెల్టాలో మరో గాలివాన రాదని ఎవరూ అనలేరు.

వికేంద్రీకరణ అంటే కొత్త ఆఫీసుకు కొత్త బోర్డు కాదు. రామచంద్రపురంలో ఉన్న ఇంజినీరు చేతిలో సామానూ, ఇద్దరు మనుషులూ, ఎవర్నీ అడక్కుండా పని మొదలుపెట్టే అధికారమూ ఉండటం. ఆ మూడూ ఉన్న రోజున జిల్లా కేంద్రం కాకినాడా, రాజమండ్రా, అమలాపురమా అని ద్రాక్షారామం పట్టించుకోదు.